గాలికి ముందే దించే పందిరి

శంషాబాద్ బస్టాండు దాటి పాత ఊళ్లోకి మళ్లే రోడ్డు మీద నాదొక సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు. పక్క షట్టరు ఎబినేజరు టెంట్ హౌస్. దాని యజమాని ఇమ్మాన్యుయేల్ అన్న. ఇద్దరికీ మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ కాబట్టి ఆయన దగ్గినా, నవ్వినా, పాట ఎత్తుకున్నా నాకు వినపడుతుంది. ఎక్కువగా వినపడేది పాటే. ఆదివారం చర్చిలో పాడినదాన్ని వారమంతా తాళ్లు చుడుతూ పాడుకునేవాడు. ఒక్క ఎండాకాలం మాత్రం ఆ గోడ అవతల చప్పుడు లేదు. చెప్పబోయేది ఆ ఎండాకాలం సంగతి.

టెంట్ హౌస్ పెట్టింది ఆయన తండ్రి ఏలియా. కొన్ని జంఖానాలు, పెట్రోమాక్సు దీపాలు, వంట గంగాళాలతో మొదలుపెట్టాడట. అప్పటికి విమానాశ్రయం లేదు. చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో పెళ్లంటే ఇంటి ముందరి పందిరే. ఇమ్మాన్యుయేల్ మడతపెట్టిన షామియానాల మీద నిద్రపోయి పెరిగినవాడు. మనిషి పొట్టి. తాను వేసే టెంటు గుంజకు సగం కూడా ఉండడని ఊళ్లో ఒక హాస్యం. ఆయనే ముందుగా ఆ మాట చెప్పి నవ్వేవాడు.

పని మీద ఆయనకున్న శ్రద్ధ వేరు. టెంటు ఒప్పుకున్నాక ముందురోజే వచ్చి, భోజనాల వేళకు ఎండ ఎటు నుంచి పడుతుందో నిలబడి చూసేవాడు. ముసలివాళ్లు ఎక్కడ కూర్చుంటారు, పిల్లతల్లులు ఎక్కడుంటారు అని అడిగి, దాన్ని బట్టి గుంజలు పాతించేవాడు. నా పెళ్లికి మా నాయనమ్మ కుర్చీ మీద కాసేపు కూడా ఎండ పడలేదు. ఆ పెళ్లి గురించి మా నాయనమ్మ అందరికీ చెప్పింది అదొక్కటే. బోనాలకైనా, క్రిస్మస్‌కైనా, చావు ఇంటి ముందైనా ఈ ప్రాంతంలో నీడ అంటే ఎబినేజరు టెంట్ హౌసే.

ఏలియా తాత కాలంలో పందిళ్లవాళ్లకు ఒక ధీమా ఉండేదట. ఉగాది దాటితే మృగశిర దాకా వాన భయం పెద్దగా ఉండేది కాదు. గాలిదుమారం వచ్చినా సాయంత్రాలు వచ్చేది, అదీ దూరం నుంచి ఎర్రటి దుమ్ము లేపుకుంటూ చెప్పి వచ్చేది. ఆ లెక్క కొడుకు చేతికొచ్చేసరికి చెదిరిపోయింది. మార్చిలోనే రాళ్లవానలు. మేలో మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తూ కాస్తూ ఉన్నట్టుండి కుండపోత. పోవలసిన వాన దసరా దాటినా పోదు. పైగా ఇప్పుడు పందిళ్లు వేసేది ఇళ్ల మధ్య కాదు. విమానాశ్రయం వచ్చాక పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. చెట్టు లేదు, గోడ లేదు. ఎక్కడో పుట్టిన గాలి అడ్డం లేకుండా వచ్చి టెంటు కిందికి దూరుతుంది.

అలాంటి ఒక వెంచరులో గృహప్రవేశానికి టెంటు వేసినప్పుడే కుర్మయ్యకు దెబ్బ తగిలింది. కుర్మయ్యది కందుకూరు దగ్గర పల్లె. ఏలియా తాత కాలం నుంచి ఇక్కడే పని. ముడి వేయడంలో ఆయన తరవాతే ఎవరైనా. ఆ రోజు గాలి ఒక్కసారిగా వచ్చి షామియానాను గొడుగులా తిరగేసింది. ఊడిన గుంజ కుర్మయ్య భుజం మీద పడింది. ఎముక విరిగింది. దవాఖానలో ఉన్నన్నాళ్లూ ఇమ్మాన్యుయేల్ అన్న మంచం పక్కనుంచి కదలలేదు. ఎముక అతుక్కుంది కాని ఆ చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. గాలికి నువ్వేం చేస్తవ్ కొడుకా అని కుర్మయ్యే ఆయన్ను ఓదార్చాడు. కుర్మయ్య మరిచిపోయాడు. ఈయన మరవలేదు.

తరవాత కొద్దిరోజులకు నా కొట్టుకొచ్చి ఫోన్ బల్ల మీద పెట్టాడు.

"తమ్మీ, గాలివాన సంగతి ముందుగాల చెప్పేది ఏదన్న ఉంటే ఇండ్ల పెట్టు."

పెట్టాను. వాతావరణ హెచ్చరికల్లో పసుపు రంగు అంటే ఏమిటి, నారింజ అంటే ఏమిటి, రాడారు బొమ్మలో ఎర్రగా కనిపించే మబ్బు ఎటు కదులుతోందో ఎలా చూడాలి, అన్నీ చూపించాను. హెచ్చరిక జిల్లా మొత్తానికి ఇస్తారని, గాలి జిల్లాలో ఒక మూలనే కొట్టి మన దగ్గర ఆకు కూడా కదలకపోవచ్చని కూడా చెప్పాను. తల ఊపాడు. కాని ఆయనకు వినపడుతున్నది నా మాట కాదని, గుంజ కూలిన చప్పుడని నాకు ఆనాడు తెలియలేదు.

ఆ మరుసటి వేసవిలో జంగమ్మ కూతురు అనుపమ పెళ్లి వచ్చింది. జంగమ్మ రోడ్డు పక్కన గంప పెట్టుకుని ఎండాకాలం ముంజలు, వానాకాలం మక్కకంకులు అమ్ముతుంది. అనుపమ విమానాశ్రయంలో ఒక కాఫీ కొట్టులో పని చేస్తుంది. ఒక్కతే బిడ్డ. ఫంక్షన్ హాలు వద్దని, ఇంటి ముందరే పందిరి వేసి చేయాలని జంగమ్మ పట్టుబట్టింది. ఇమ్మాన్యుయేల్ అన్న తన దగ్గరున్న వాటిలో కొత్త షామియానా తీశాడు.

తాళి కట్టడం అయింది. తలంబ్రాలు అయ్యాయి. మొదటి బంతి భోజనాలకు కూర్చున్నారు. అప్పుడు ఫోన్‌లో నారింజ రంగు హెచ్చరిక వచ్చింది. దక్షిణం దిక్కున ఆకాశం నల్లగా ఉంది. నేను బంతిలో ఉన్నాను. ఆయన ఫోను చూడడం, ఆకాశం చూడడం, కుర్మయ్య వైపు చూడడం నాకు కనపడింది. మరుక్షణం పనివాళ్లను పిలిచి తాళ్లు విప్పించడం మొదలుపెట్టాడు.

జంగమ్మ పరుగున వచ్చింది. "ఏందిది? వాన లేదు, గాలి లేదు. నా బిడ్డ పెండ్లిల పందిరి పీకుతవా?"

"అక్కా, జర ఓపిక పట్టు. దుమారం వచ్చేటట్టుంది. ఎవరికన్న దెబ్బ తగిలితే నాతోని గాదు," అన్నాడాయన చేతులు జోడించి. జోడించిన చేతుల్లోనే తాడు ఉంది.

పెద్దమనుషులు ఆపబోయారు. ఆయన వినలేదు. పందిరి దిగిపోయింది.

గాలి రాలేదు. నల్లమబ్బు కాసేపు అక్కడే ఉండి పక్కకు జరిగిపోయింది. దాని వెనక నుంచి సూర్యుడు బయటికొచ్చాడు. మిగిలిన బంతులన్నీ నిప్పుల్లాంటి ఎండలో నడిచాయి. జనం నెత్తిన తువ్వాళ్లు, పేపర్ ప్లేట్లు పెట్టుకుని తిన్నారు. పెళ్లికొడుకు వైపు పెద్దలు సగం తిని లేచారు. అనుపమ కళ్లలో నీళ్లు అందరూ చూశారు. పెళ్లి నడుమ పందిరి విప్పడం అంత అపశకునం ఇంకొకటి లేదని ముసలమ్మలు గుసగుసలాడారు. జంగమ్మ ఆ రోజుతో ఆయనతో మాట మానేసింది.

ఆ సాయంత్రం కందుకూరు వైపు గాలి కొట్టింది. రేకుల షెడ్లు ఎగిరిపోయాయని, మామిడి తోటల్లో కాయ అంతా రాలిందని ఫోన్‌లో వీడియోలు వచ్చాయి. ఆయనకు కాస్త ధైర్యంగా ఉంటుందని నేను వాటిని తీసుకెళ్లి చూపించాను. ఇదిగో, హెచ్చరిక అబద్ధం కాదు, గాలి పది ఊళ్లు అటు జరిగిందంతే అన్నాను. ఆయన వీడియో అంతా చూసి అడిగిన మాట ఒక్కటే.

"అక్కడ ఎవరన్న పందిరి కింద ఉన్నరా తమ్మీ?"

ఎవరూ లేరని చెప్పాక ఫోను నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

ఊరికి కందుకూరు గాలితో పని లేదు. ఊరు చూసింది ఎండలో భోజనాలు. 'పెండ్లి పందిరి పీకినోడు' అన్న పేరు పడిపోయింది. అసలే ఫంక్షన్ హాళ్లు వచ్చి బేరాలు తగ్గాయి. ఉన్నవాళ్లు కూడా వేరేవాళ్ల దగ్గరికి పోయారు. షామియానాలు గోదాములో మడతల మీద ఉండిపోయాయి. కుర్మయ్య రోజూ వచ్చి షట్టరు ముందు కూర్చుని సాయంత్రం దాకా ఉండి వెళ్లేవాడు. గోడ అవతల పాట ఆగిపోయింది. నాకు కొట్టులో ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది.

ఇంకోపక్క ఎండలు. అలాంటి ఎండలు ఎప్పుడూ చూడలేదని ప్రతి ఏడూ అంటాం, ఆ ఏడు మాత్రం అనడానికి కూడా ఓపిక లేకపోయింది. పగలు సరే, రాత్రి కూడా గోడలు వేడి దిగేవి కావు. కూలర్లలోంచి వేడిగాలి వచ్చేది. మా బజారు చివర చౌరస్తాలో కూలీల అడ్డా ఉంది. తాపీ పనివాళ్లు, గోదాముల్లో మూటలు మోసేవాళ్లు పొద్దున్నే వచ్చి పని దొరికేదాకా అక్కడ నిలబడతారు. కొందరికి మధ్యాహ్నం దాకా దొరకదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అక్కడి చెట్లు పోయాయి. జంగమ్మ గంప కూడా అక్కడే, చిరుగుల గొడుగు కింద.

ఒకరోజు ఇమ్మాన్యుయేల్ అన్న భార్య ప్రేమావతి కూరగాయలకు వెళ్తూ ఉండగా ఆ అడ్డాలో ఒక కూలీ ఆడమనిషి కళ్లు తిరిగి పడిపోయింది. ప్రేమావతే ఆమెను పక్క కొట్టు మెట్ల మీదికి చేర్చి, ముఖం తుడిచి, నీళ్లు తాగించి, ఆటోలో దవాఖానకు పంపింది. ఖాళీ సంచితోనే, ఇంటికి పోకుండా నేరుగా టెంట్ హౌస్‌కు వచ్చింది. గోడ పలచన కాబట్టి మిగతాదంతా విన్నాను.

గోదాములో ఎలుకలు కొరుకుతున్న గుడ్డ అడ్డాలో మనుషుల నెత్తిన ఉంటే ఏం పోతుందని అడిగింది.  తన టెంటు కిందికి ఎవరొస్తారు, చూసి నవ్వుతారు అన్నాడాయన.

"నవ్వనీయ్యయ్యా," అంది ప్రేమావతి. "నీడల కూసొని నవ్వుతరు గదా."

ఆ మర్నాడు ఆయనా కుర్మయ్యా పాత షామియానా ఒకటి బయటికి తీశారు. ఈసారి మునుపటిలా ఎత్తుగా వేయలేదు. మనిషి చెయ్యి ఎత్తితే తగిలేంత కిందికి వేశారు. గుడ్డ నడుమ అక్కడక్కడ పొడుగ్గా చీరి అంచులు కుట్టించారు, గాలి వస్తే ఆ చీలికల్లోంచి పోయేటట్టు. గుంజలకు ఇసుక బస్తాలు కట్టారు. ఒక్క లాగుకు విడిపోయే ముడులు కుర్మయ్య వేశాడు. అంచుల దగ్గర గుడ్డ భుజం ఎత్తుకే ఉండడం వల్ల ఆయన చెయ్యి ముడులకు అందింది. దెబ్బ తగిలాక ఆయన తన చేత్తో ముడి వేయడం అదే మొదలు. వేసి, లాగి విప్పి, మళ్లీ వేశాడు. అవసరం లేకపోయినా ఇంకోసారి విప్పి వేశాడు.

కూలీలు మొదట దూరంగా నిలబడ్డారు. ఇది ఎవరి మీటింగు కోసం అని అడిగారు. మీటింగు లేదు, మీకే అని చెప్తే నమ్మలేదు. ఎండ ముదిరాక ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. ప్రేమావతి మట్టికుండల్లో నీళ్లు పోసి పెట్టింది.

నీడ అంచు సరిగ్గా జంగమ్మ గంపకు ఇవతలే ఆగిపోయింది. ఆమె ముఖం తిప్పుకుని కూర్చుంది. లోపలికి రమ్మని ప్రేమావతి పిలిస్తే, తన ముంజలు రోడ్డు మీదివాళ్లకు కనపడాలని చెప్పింది. మర్నాడు ఆమె వచ్చి గంప దించేసరికి చివరి గుంజ జరిగి ఉంది. నీడ ఆమె కూర్చునే చోటు దాటి పడుతోంది. ఎవరు జరిపారని ఆమె అడగలేదు. ఆయనా చెప్పలేదు. మధ్యాహ్నం కుర్మయ్య చేతికి ఆకులో కొన్ని ముంజలు ఇచ్చి, "నీకే. ఇంకెవ్వరికన్న ఇస్తవో ఇయ్యవో నాకు తెల్వది," అంది. కుర్మయ్య సగం ఇమ్మాన్యుయేల్ అన్నకు ఇచ్చాడు. ఆయన వాటిని నా కొట్టుకు తెచ్చి నాతో కూర్చుని తిన్నాడు. వెళ్లేటప్పుడు చేయి కడుక్కుంటూ చిన్నగా ఏదో కూనిరాగం తీశాడు.

కొన్నాళ్లకు కుండలు నింపే పని జంగమ్మ తనమీద వేసుకుంది. ప్రేమావతికి రెండు పూటలా రావడం కష్టంగా ఉందని సాకు చెప్పింది. ఆయనతో మాట మాత్రం లేదు.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం మళ్లీ ఆ నారింజ హెచ్చరిక వచ్చింది. నేను గోడ మీద తట్టి చెప్పబోయేసరికే ఆయన అడ్డా వైపు నడుస్తున్నాడు. నేనూ షట్టరు సగం దించి వెనకే వెళ్లాను. ఎండ చుర్రుమంటోంది. టెంటు కింద జనం కిక్కిరిసి ఉన్నారు. అప్పుడే కళ్లు మూసినవాళ్లు, టిఫిన్ డబ్బా విప్పినవాళ్లు, చంటిపిల్లకు పాలిస్తున్న తల్లి. ఆకాశంలో విమానాశ్రయం పక్కన మబ్బు ఉంది కాని చిన్నదే.

ఆయన తాడు మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. లాగలేదు. ఫోను చూశాడు, జనాన్ని చూశాడు. నా వైపు చూశాడు.  పోయినసారి జరిగినట్టే గాలి ఎటైనా పోవచ్చు. ఈ ఎండలో ఇంతమంది నీడ తీసేసి, అది రాకపోతే? ఆయన నుదుటి మీద చెమట కారుతోంది.  ఆయన అంత భయపడడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ భయం గాలిని చూసి కాదు.

జంగమ్మ కుండ దగ్గర నుంచి లేచింది. ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. పెళ్లి నాటి నుంచి అదే మొదటి మాట.

"నా బిడ్డ పెండ్లిల నన్ను అడగకుంటనే విప్పినవ్. ఇయ్యాల ఎవరిని అడుగుతున్నవ్?"

"రాకపోతే ఎట్లక్కా?"

"రాకపోతే మల్ల కడుతవ్. నీకు వేరే పనేమున్నది? లాగు."

ఆయన లాగాడు.

జంగమ్మ జనం వైపు తిరిగి అందరినీ లేవమంది. గొణిగారు కాని లేచారు. పక్కనే ఉన్న ఇనుప సామాను దుకాణం వసారా గట్టిది. అటు నడిపించింది. కుర్మయ్య ముడులు వరసగా విడిపోయాయి. టెంటు నేల మీద పరుచుకుంది. నలుగురైదుగురు కూలీలు గుంజలు పడుకోబెట్టి దాని మీద ఇసుక బస్తాలు పెట్టారు. అందరం వసారాలో నిలబడి ఎండ చూస్తూ ఉన్నాం. ఎవరో నవ్వారు. ఇమ్మాన్యుయేల్ అన్న తల వంచుకున్నాడు.

ఆ నవ్వు పూర్తయ్యేలోపే రోడ్డు మీది దుమ్ము లేచింది. ముందు వేడిగాలి, దాని వెంట చల్లగాలి, ఆ తరవాత కళ్లు తెరవనివ్వని గాలి. ఎదురు మేడ మీది పెద్ద ఫ్లెక్సీ బోర్డు చట్రంతో సహా ఊడి, ఇంతకు ముందు జనం కూర్చున్న చోటికి కాస్త పక్కగా పడింది. కరెంటు తీగలు మెరిశాయి. తరవాత వాన, వానతో పాటు రాళ్లు. నేల మీది షామియానా గాలికి ఉబ్బుతూ, చీలికల్లోంచి గాలి వదిలేస్తూ, పడుకున్న బర్రె ఊపిరి తీసినట్టు ఉంది కాని లేవలేదు. జంగమ్మ పాత గొడుగు మాత్రం ఎగిరి రోడ్డు అవతలికి దొర్లిపోయింది. పోనీ, దానికి కాలం చెల్లింది అందామె.

పాలిస్తున్న తల్లి పిల్లను గుండెకు అదుముకుని ఆ బోర్డు వైపే చూస్తూ ఉండిపోయింది. ఇమ్మాన్యుయేల్ అన్న గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. కుర్మయ్య పక్కన కూర్చుని బాగున్న చెయ్యి ఆయన భుజం మీద వేశాడు. వాన తగ్గేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

దీనితో ఊరంతా ఆయన్ను ఎత్తుకుందని చెప్పను. బేరాలు మెల్లగా వచ్చాయి. ఒప్పుకునేటప్పుడే ఆయన ఒక మాట చెప్తాడు: దుమారం వచ్చేటట్టుంటే తాళి కట్టే వేళైనా సరే దించేస్తా, ఇష్టమైతేనే మాట్లాడండి. అది విని లేచి వెళ్లిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వెళ్లనివ్వు, వాళ్లకు హాలు ఉంది అంటుంది ప్రేమావతి. ఉండిపోయేవాళ్లకు ఆయన పక్కనే గట్టి కప్పు ఎక్కడుందో ముందే చూసి పెడతాడు. జంగమ్మ ఇప్పుడు ఆయనతో రోజూ మాట్లాడుతుంది, ఎక్కువగా తిడుతుంది. కుండలు పగిలాయని, నీడ వంకరగా పడుతోందని.

మృగశిర వచ్చి వానలు నిలదొక్కుకున్నాక అడ్డా టెంటు విప్పారు. ఎండాకాలమంతా దుమ్ము తిన్న గుడ్డను టెంట్ హౌస్ ముందు పరిచి సబ్బునీళ్లు పోశారు. పని దొరకని కూలీలు కొందరు వచ్చి పంచెలు ఎగగట్టి దాన్ని తొక్కడం మొదలుపెట్టారు. కుర్మయ్య పక్కన నిలబడి ఎక్కడ మురికి పోలేదో చూపిస్తున్నాడు. కొట్టులో నేను ఒక ఫోను వెనక మూత విప్పుతూ ఉన్నాను. బయట ఇమ్మాన్యుయేల్ అన్న గొంతెత్తి పాడుతున్నాడు. తొక్కేవాళ్లు ఆ పాటకు కాళ్లు కలుపుతున్నారు. సబ్బు నురగ నా మెట్టు దాకా వచ్చింది. చీపురు తీసుకుని బయటికి వెళ్లాను.